పని మనది, పత్రం ఎవరిది?

(సూళగిరిలో జరిగిన మిల్లు కార్మికుల సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట జీతాల గురించో, బోనసు గురించో మాట్లాడతామని మీరు అనుకుని ఉంటారు. వాటికోసం మనం చాలాసార్లు కూర్చున్నాం, ఇక ముందూ కూర్చుంటాం. ఈరోజు మాత్రం ఒక కాగితం గురించి చెప్పుకుందాం. దాన్నే లైసెన్సు అంటాం, పర్మిట్ అంటాం, సర్టిఫికెట్ అంటాం. పేరేదైనా విషయం ఒక్కటే. ఫలానా పని చేయడానికి ఫలానా మనిషికి అర్హత ఉందని ప్రభుత్వం రాసిచ్చే కాగితం అది.

మిల్లులో ఈ కాగితం ఎక్కడెక్కడ ఉంటుందో ఒకసారి చూడండి. ఫ్యాక్టరీకి లైసెన్సు ఉంటుంది, దాన్ని ఆఫీసులో అద్దం పటంలో పెడతారు. బాయిలరుకు సర్టిఫికెట్ ఉంటుంది. కూలీలను తెచ్చే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి. కరెంటు పని చేసేవాడికి పర్మిట్ ఉండాలి, బాయిలరు చూసుకునేవాడికి సర్టిఫికెట్ ఉండాలి, సరుకు వ్యాను నడిపేవాడికి డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి. కాని రాత్రి షిఫ్టులో వెళ్ళి చూస్తే చాలాచోట్ల కాగితం ఒకరి పేరున, పని ఒకరి చేతిలో కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్నవాడి జేబులో ఏ కాగితమూ ఉండదు. ఎప్పుడూ బాయిలరు దగ్గరికి రాని మనిషి సర్టిఫికెట్ మాత్రం గోడకు వేలాడుతుంది. ఈ తేడా వల్ల ఎవరికి లాభం, ఎవరికి ప్రాణం మీదికి వస్తుందన్నదే మన చర్చ.

మొదట చట్టం మాట. మన రాజ్యాంగం 19వ అధికరణం ప్రతి పౌరుడికీ తనకు నచ్చిన వృత్తి, వ్యాపారం చేసుకునే హక్కు ఇచ్చింది. అదే అధికరణంలో ఇంకో మాటా ఉంది. ఒక వృత్తి చేయడానికి ఎలాంటి వృత్తి విద్య, సాంకేతిక అర్హత ఉండాలో ప్రభుత్వం చట్టం చేసి నిర్ణయించవచ్చు. అంటే హక్కు మనది, హద్దు ప్రభుత్వానిది. ఆ హద్దును ప్రజల ప్రాణం కాపాడడానికి గీస్తే మనకు అభ్యంతరం లేదు. పేదవాడిని బయట నిలబెట్టడానికి గీస్తే ఊరుకోకూడదు. ఏది ఏ రకమో తెలుసుకోవాలంటే ఆ చట్టం ఎందుకు పుట్టిందో చూడాలి.

బాయిలరు సంగతి తీసుకుందాం. సైజింగులో, రంగుల అద్దకంలో, ప్రాసెసింగులో పనిచేసేవాళ్ళకు ఆవిరి లేనిదే పొద్దు గడవదు. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి అనేకమంది చనిపోయారు. అప్పటిదాకా ఎవరి బాయిలరు వారి ఇష్టం. ఆ ప్రమాదం తరువాత 1864లో బెంగాల్‌లో బాయిలర్ల తనిఖీకి చట్టం తెచ్చారు. తరువాత ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క రకం చట్టం చేసుకుంది. 1923లో దేశమంతటికీ కలిపి ఒకే బాయిలర్ల చట్టం వచ్చింది. సర్టిఫికెట్ ఉన్న మనిషి అధీనంలో లేకుండా బాయిలరును యజమాని వాడకూడదని ఆ చట్టం చెప్పింది. ఆ పాత చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. పాత చట్టంలోని కొన్ని నేరాలను క్రిమినల్ పరిధి నుండి తీసేసి జరిమానాతో సరిపెట్టారు. కాని ప్రాణం పోయే ప్రమాదం ఉన్న పెద్ద నేరాలకు మాత్రం క్రిమినల్ శిక్ష అలాగే ఉంచారు.

కాబట్టి అన్నలారా, బాయిలరు అటెండెంటు సర్టిఫికెట్ అనేది ఏ ఆఫీసరో తోచీ తోచక పెట్టిన నిబంధన కాదు. చనిపోయిన కార్మికుల పేరు మీద వచ్చిన నిబంధన. ఆవిరికి దయ ఉండదు. మన రాష్ట్రంలోనే 2020 జూలై 1న నెయ్‌వేలి థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలరు పేలింది. ఆ రోజే ఆరుగురు కార్మికులు ప్రాణాలు వదిలారు, కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవారిలో తరువాత మరికొందరు పోయారు. అంత పెద్ద ప్రభుత్వరంగ సంస్థలోనే అలా జరిగిందంటే, రేకుల షెడ్డులో ఒక బాయిలరు పెట్టుకుని నడిపే చిన్న యూనిట్ల మాట చెప్పనక్కరలేదు.

అలాంటి యూనిట్లలో మనవాళ్ళు ఎదుర్కొనేది ఇది. సర్టిఫికెట్ ఉన్న మనిషి పగలు ఒక్క షిఫ్టుకు వస్తాడు. బాయిలరు మాత్రం మూడు షిఫ్టులూ నడుస్తుంది. మిగతా రెండు షిఫ్టులూ కట్టెలు వేసే కూలీనో, హెల్పరునో నిలబెడతారు. "ఏముందిరా, గ్లాసులో నీళ్ళు చూసుకో, ముల్లు ఎర్ర గీత దాటకుండా చూసుకో" అని చెప్పి వెళ్ళిపోతారు. ఆ హెల్పరు తెలివైనవాడే. నెలరోజుల్లో పని పట్టుకుంటాడు. గేజి గ్లాసులో నీటి మట్టం ఎంత ఉండాలో, ఫీడ్ పంపు ఎప్పుడు వేయాలో, బ్లో డౌన్ ఎప్పుడు ఇవ్వాలో అన్నీ వస్తాయి. రానిది ఒక్కటే. ఏదైనా తేడా వచ్చినప్పుడు ఏం చేయాలన్నది. గ్లాసులో నీళ్ళు కనిపించకుండా పోయినప్పుడు భయపడి పంపు వేస్తే, ఎర్రగా కాలిన రేకు మీద చల్లటి నీళ్ళు పడతాయి. అక్కడ ముందు మంట తీయాలని ఎవరైనా నేర్పితేనే తెలుస్తుంది. ఆ నేర్పడం, నేర్చుకున్నాడో లేదో పరీక్షించడం, ఇదే సర్టిఫికెట్ అసలు అర్థం.

యాజమాన్యానికి ఈ ఏర్పాటు లాభం. సర్టిఫికెట్ ఉన్న ముగ్గురికి ఇవ్వవలసిన జీతం బదులు ఒకడికి ఇచ్చి, ఇద్దరికి హెల్పరు కూలి ఇస్తే సరిపోతుంది. మన హెల్పరుకు రెండు విధాల నష్టం. చేసే పనికి తగిన జీతం రాదు. ప్రమాదం జరిగితే నింద మాత్రం వస్తుంది. కాబట్టి సర్టిఫికెట్ లేని మనిషిని బాయిలరు దగ్గర ఒంటరిగా నిలబెట్టవద్దని అడగడం పని ఎగ్గొట్టడం కాదు. చట్టం యజమాని మీద పెట్టిన బాధ్యతను యజమానికి గుర్తు చేయడం. దానితోపాటు ఇంకో మాటా అడగాలి. రెండు మూడేళ్ళు బాయిలరు పక్కన పనిచేసిన మన కుర్రవాడిని పరీక్షకు పంపండి, ఫీజు మీరు కట్టండి, పాసయితే గ్రేడు మార్చండి అని.

ఇక కరెంటు. 1956 నాటి విద్యుత్ నిబంధనల నుండి నేటి నిబంధనల దాకా ఒక నియమం మారలేదు. వైరింగు పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేయాలి, అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజరు చూడాలి, పర్మిట్ ఉన్న మనిషి చేతిలో జరగాలి. మన తమిళనాడులో ఈ పత్రాలు ఇచ్చేది విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ లేదా వైర్‌మన్ చదివినవాళ్ళకు దారి నేరుగా ఉంది. హోసూరులో ప్రభుత్వ ఐ.టి.ఐ. ఉంది, మన పిల్లల్లో పదో తరగతి దాటినవాళ్ళు దాన్ని వాడుకోవాలి.

మరి చదువు లేకుండా చేతి పని నేర్చినవాళ్ళ సంగతేమిటి? మన మిల్లుల్లో మోటారు విప్పి మళ్ళీ బిగించగలవాళ్ళు, ప్యానెల్ బోర్డు చూడగానే తప్పెక్కడుందో చెప్పగలవాళ్ళు ఎంతమంది లేరు? వాళ్ళకూ ఒక దారి ఉంది. వైర్‌మన్ హెల్పరు అర్హత పరీక్ష అని రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖ నిర్వహిస్తుంది. ఆ పని అనుభవం ఉన్నవాళ్ళకోసం పెట్టిన పరీక్ష అది. దీని ప్రకటన పత్రికలో ఒక మూల వస్తుంది, గడువు దాటిపోతుంది, మనకు తెలియదు. తెలిసినా దరఖాస్తు తమిళంలో ఉంటుంది. మనలో చాలామందిమి ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బస్సెక్కి అవతలికి పోతే కన్నడం మాట్లాడతాం. మూడు భాషలు నోటికి వచ్చినవాళ్ళం ఒక్క భాషలో ఫారం నింపలేక ఆగిపోతున్నాం. చేతిలో పని ఉండి, నోటిలో మాట ఉండి, చివరికి అక్షరం దగ్గర ఓడిపోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు, సరిదిద్దుకోవలసిన విషయం.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. పర్మిట్ లేకుండా పనిచేస్తూ ఉండగా ప్రమాదం జరిగితే ఏమవుతుంది? ఆ రోజు యాజమాన్యం నోట వచ్చే మొదటి మాట మీ అందరికీ తెలుసు. "వాడికి లైసెన్సు లేదు, వాడిని ఎవరు ముట్టుకోమన్నారు?" నిన్నటిదాకా "వాడు మా ఎలక్ట్రీషియన్" అన్నవాళ్ళే ఆ మాట అంటారు. ఆ మాట విని కుటుంబం భయపడిపోయి, ఇచ్చింది పుచ్చుకుని సంతకం పెట్టేస్తుంది.

అమ్మలారా, అలా సంతకం పెట్టవద్దు. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టంలో 51-బి అనే సెక్షన్ పెట్టారు. కార్మికుడు ఒక చట్టాన్నో, యజమాని ఉత్తర్వునో మీరి పనిచేస్తూ దెబ్బ తిన్నా, ఆ పని యజమాని వ్యాపారం కోసం చేసినదైతే, అది పనిలో జరిగిన ప్రమాదమే అవుతుందని దాని సారం. ఇప్పుడు ఇ.ఎస్.ఐ. చట్టం 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో కలిసినా ఆ నియమం పోలేదు. ఇ.ఎస్.ఐ. లేనిచోట వర్తించే నష్టపరిహారం నియమాల్లో కూడా, కార్మికుడు కావాలనే భద్రతా నిబంధన మీరాడని యజమాని వాదించినా, ప్రాణం పోయినప్పుడో, పూర్తిగా శాశ్వత అంగవైకల్యం వచ్చినప్పుడో ఆ వాదం చెల్లదు. అంటే లైసెన్సు లేకపోవడం పరిహారం ఎగ్గొట్టడానికి సాకు కాదు. సర్టిఫికెట్ లేని మనిషిని నిలబెట్టినందుకు జవాబు చెప్పవలసింది నిలబెట్టినవాడే.

డ్రైవర్ల విషయంలోనూ ఇలాంటి పేచీ ఏళ్ళ తరబడి నడిచింది. తేలిక వాహనం లైసెన్సు ఉన్నవాడు చిన్న సరుకు వ్యాను నడిపితే అతనికి ట్రాన్స్‌పోర్టు లైసెన్సు లేదని బీమా కంపెనీలు పరిహారం ఇవ్వమనేవి. సుప్రీంకోర్టు 2017లో ముగ్గురు న్యాయమూర్తుల తీర్పులో, మళ్ళీ 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పులో ఆ పేచీ తేల్చింది. 7,500 కిలోలు మించని సరుకు వాహనాన్ని తేలిక వాహనం లైసెన్సుతో నడపవచ్చునని చెప్పింది. నూలు బేళ్ళు, బట్టల మూటలు వేసుకుని ఈ హైవే మీద వ్యాన్లు నడిపే మన తమ్ముళ్ళు ఈ తీర్పు గుర్తుంచుకోవాలి.

ఇంతవరకు కార్మికుడి దగ్గర ఉండవలసిన కాగితం. ఇప్పుడు మన మీద పెత్తనం చేసేవాడి దగ్గర ఉండవలసిన కాగితం, అంటే కాంట్రాక్టరు లైసెన్సు.

1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. ఇరవై మంది, ఆ పైన కూలీలను పెట్టుకునే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలని అందులో రాశారు. లైసెన్సు లేని కాంట్రాక్టరు దగ్గర పనిచేసే కూలీ ఏమవుతాడు? మిల్లు కార్మికుడే అవుతాడని మనమంతా ఆశపడ్డాం. కాని దీనానాథ్ కేసులో 1991లో సుప్రీంకోర్టు కాదంది. కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోకపోతే అతని మీద కేసు పెట్టవచ్చు గాని, ఆ కారణం చేత కూలీలు కంపెనీ కార్మికులు కారని చెప్పింది. 2001లో స్టీల్ అథారిటీ కేసు తీర్పు ఇంకో తలుపు మూసింది. ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం రద్దు చేసినా కూలీలు వాళ్ళంతట వాళ్ళే పర్మినెంటు కారని చెప్పింది. కాంట్రాక్టు అనేది ఒట్టి బూటకమని రుజువు చేస్తే మాత్రం దారి ఉందని ఒక కిటికీ తెరిచి ఉంచింది. మొత్తానికి ఆ లైసెన్సు తప్పినవాడికి పడేది చిన్న శిక్ష, నష్టపోయేది మాత్రం మనం. పళ్ళు లేని చట్టం అలా ఉంటుంది.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 1970 చట్టం రద్దయి, భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. ఈ కోడ్‌ల మీద మన సంఘాలకు ఉన్న అభ్యంతరాలు మీకు తెలుసు. అయినా శత్రువు చేతిలోని కత్తినైనా పదును చూసి పట్టుకోవాలి. అందుకని లైసెన్సుకు సంబంధించినంతవరకు అందులో మనకు పోయిందేమిటో, వచ్చిందేమిటో రెండూ చూద్దాం.

పోయింది మొదట చెబుతాం. లైసెన్సు అవసరమయ్యే హద్దు ఇరవై నుండి యాభైకి పెంచారు. నలభై తొమ్మిది మందిని పెట్టుకున్న కాంట్రాక్టరుకు లైసెన్సే అక్కరలేదు. వంద మంది కూలీలున్న చోట ముగ్గురు కాంట్రాక్టర్ల పేర్లు రాస్తే చాలు, ముగ్గురూ హద్దుకు లోపలే ఉంటారు. అన్న పేరున ఒకటి, బావమరిది పేరున ఒకటి, డ్రైవరు పేరున ఒకటి. కూలీలను తెచ్చేది ఒకడే, బస్సు ఒకటే, మేస్త్రీ ఒకడే. ఫ్యాక్టరీ అనే మాటకు ఉన్న హద్దు కూడా పెరిగింది. కరెంటుతో నడిచేచోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనేవారు, ఇప్పుడు ఇరవై మంది కావాలి. వలస కార్మికులకు 1979 చట్టం ఇచ్చిన స్థానచలన భత్యం కూడా కోడ్‌లో లేదు. మన మిల్లుల్లో ఒడిశా నుండి, బీహారు నుండి వచ్చి పనిచేసే పిల్లలకు ఇది నష్టం. వాళ్ళకు తగ్గితే మనకు పెరగదు, వాళ్ళను చూపించి మన కూలీ కూడా తగ్గిస్తారు.

ఇక వచ్చింది. 54వ సెక్షన్ జాగ్రత్తగా వినండి. లైసెన్సు తీసుకోవలసిన కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోకుండా కూలీలను పెడితే, ఆ కూలీలు అసలు యజమాని పెట్టుకున్న కార్మికులుగానే లెక్క. 1991లో కోర్టు ఇవ్వలేనన్నది ఈ సెక్షన్ రాసి ఇచ్చింది. కాబట్టి యాభై హద్దు ఎంత ముఖ్యమో చూడండి. లెక్కలో యాభై తేలితే లైసెన్సు కావాలి, లైసెన్సు లేకపోతే మనం మిల్లు కార్మికులం. ఆ లెక్క రాయవలసింది, నిలబెట్టవలసింది మనమే.

49వ సెక్షన్ ప్రకారం పని ఇప్పించినందుకు కూలీ దగ్గర ఫీజు గాని కమీషను గాని కాంట్రాక్టరు తీసుకోకూడదు. 56వ సెక్షన్ ప్రకారం కూలీ అడిగితే, చేసిన పని వివరాలతో అనుభవ పత్రం ఇవ్వాలి. 57వ సెక్షన్ ప్రకారం మిల్లు అసలు పనిలో కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదు. దీనికి మినహాయింపులు చాలానే పెట్టారు. పారిశుధ్యం, కాపలా, లోడింగు వంటివి అసలు పని కాదన్నారు. ఎప్పుడూ కాంట్రాక్టు మీదే జరిగే పని అయితే పరవాలేదన్నారు. హఠాత్తుగా పని పెరిగితే పరవాలేదన్నారు. అయినా స్పిన్నింగు మిల్లులో ఏడాది పొడవునా రింగు ఫ్రేము నడపడం హఠాత్తుగా పెరిగిన పని అని ఎవరూ నమ్మించలేరు. ఇవికాక ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని, పాతవాళ్ళకు కోడ్ అమలైన మూడు నెలలలోగా ఇవ్వాలని 6వ సెక్షన్‌లో రాశారు.

కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే? 2019 నాటి వేతనాల కోడ్ 43వ సెక్షన్ చూడండి. నియమించినవాడు జీతం ఇవ్వకపోతే ఆ సంస్థ యజమాని బాధ్యత వహించాలి. నలభై తొమ్మిది మంది కాంట్రాక్టరుకు లైసెన్సు అక్కరలేకపోవచ్చు, జీతం బాధ్యత మాత్రం మిల్లు గేటు దాటి ఎక్కడికీ పోదు.

మిత్రులారా, ఇక్కడ ఒక వాదం వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. లైసెన్సులు పెంచితే లంచాలు పెరుగుతాయి, ఇన్‌స్పెక్టర్లు బాగుపడతారు, పేదవాడి బతుకుకు అడ్డుగోడ లేస్తుంది అని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. బ్రోకరు లేకుండా ఒక డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకోవడం ఎంత కష్టమో మనకు తెలుసు. 1991 జూలైలో కేంద్ర ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించి, పద్దెనిమిది పరిశ్రమలకు తప్ప మిగిలినవాటికి లైసెన్సు ఎత్తివేసింది. పెట్టుబడిదారుకు గోడ తీసేశారు. మరి కార్మికుడికి తీసిన గోడ ఏది? పెట్టుబడి పెట్టేవాడికి లైసెన్సు భారం అన్నవాళ్ళు, అనుభవం ఉన్న ఫిట్టరు చేతికి ఒక పత్రం అందడానికి దారి సుగమం చేయాలని ఎందుకు అనుకోలేదు?

మన మాట స్పష్టంగా ఉండాలి. ప్రాణం మీదికి వచ్చే పనికి లైసెన్సు తీసేయమని మనం అడగం. ఆవిరి, కరెంటు, చక్రం, ఈ మూడింటి దగ్గరా పరీక్ష ఉండాలి. మనం అడిగేది ఆ పరీక్ష దాకా మెట్లు కట్టమని. ఆ మెట్లు ఎలా ఉండాలో ఈ దేశంలోనే ఉదాహరణలు ఉన్నాయి.

వకీళ్ళను చూడండి. 1961 న్యాయవాదుల చట్టం ప్రకారం ఎవరు వకీలు కావచ్చో చూసేది బార్ కౌన్సిల్. ఆ కౌన్సిల్ సభ్యులను వకీళ్ళే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. నల్లకోటు వాళ్ళ పని మాట, పెద్ద చదువుల మాట అది అనుకుంటారేమో, అయితే తోపుడు బండ్లవాళ్ళను చూడండి. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ఏ వీధిలో ఎవరు అమ్మాలో సర్టిఫికెట్ ఇచ్చే పట్టణ కమిటీలో నలభై శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలని, వాళ్ళను వాళ్ళే ఎన్నుకోవాలని, అందులో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలని రాశారు. అన్నిచోట్లా సరిగా అమలు కాకపోవచ్చు. కాని సూత్రం గొప్పది. కాగితం కావలసినవాడు కాగితం ఇచ్చే బల్ల దగ్గర కూర్చోవాలి. పూలమ్మే అక్కకు ఆ కుర్చీ దక్కినప్పుడు, బాయిలరు మనిషికి, వైర్‌మన్‌కు పరీక్షా బోర్డులో ఒక కుర్చీ ఎందుకు ఉండకూడదు?

కాగితం అంటే మనకు అలవాటుగా ఒక భయం. మేస్త్రీ సంతకం పెట్టమన్న కాగితం ఎప్పుడూ మన మంచికి కాలేదు కనుక ఆ భయం. కాని మన వర్గాన్ని కాపాడిన కాగితం ఒకటి ఉంది. 1918 ఏప్రిల్ 27న మద్రాసులో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికులతో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. బి.పి. వాడియా అధ్యక్షుడు. తరువాత మిల్లు యాజమాన్యం వాడియా మీద, ఇతర నాయకుల మీద కోర్టుకు వెళ్ళి, కార్మికులను పని మానమని ప్రోత్సహించారని ఇంజంక్షన్ తెచ్చింది. సంఘం పెట్టడమే నేరమన్నట్లు అయింది. ఆ దెబ్బ తరువాతే ఎన్.ఎం. జోషి శాసనసభలో చట్టం కావాలని తీర్మానం తెచ్చారు, 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. రిజిస్టరు చేసుకున్న సంఘం మీద అలాంటి కేసులు చెల్లకుండా అది రక్షణ ఇచ్చింది. రిజిస్ట్రేషన్ అనే ఒక కాగితం కార్మికుడికి కవచం అయింది. కాబట్టి కాగితం మంచిదా చెడ్డదా అన్నది కాదు, ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

ఇక చేయవలసిన పనులు. ఇవి పెద్ద ఉద్యమాలు కావు, రేపటి షిఫ్టు నుండే మొదలుపెట్టవచ్చు.

ఒకటి. ప్రతి డిపార్టుమెంటులో ఇద్దరు ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ కాంట్రాక్టరు పేరున ఎంతమంది, ఏ తేదీన వచ్చారు, ఏ మెషీను మీద పనిచేశారు, ఎవరు పని చెప్పారు, ఇవి రాయండి. యాభై లెక్క తేల్చడానికీ, కాంట్రాక్టు బూటకమని చెప్పడానికీ ఆ పుస్తకమే సాక్ష్యం. 1981 నాటి తమిళనాడు పర్మినెంటు హోదా చట్టం కింద ఇరవైనాలుగు నెలల్లో 480 రోజుల పని చూపాలన్నా అదే పనికి వస్తుంది. మన చెల్లెళ్ళు చాలామంది అప్రెంటిసు పేరున ఏళ్ళు గడుపుతున్నారు. ముందు వాళ్ళ రోజులు రాయండి.

రెండు. నియామక పత్రం, అనుభవ పత్రం అడగండి. నోటితో కాదు, రాతపూర్వకంగా. మానేసేటప్పుడు మాత్రమే కాదు, పనిలో ఉండగానే. ఆ అనుభవ పత్రమే రేపు వైర్‌మన్ పరీక్షకు, బాయిలరు పరీక్షకు మీ మెట్టు.

మూడు. బాయిలరు దగ్గర, ప్యానెల్ దగ్గర ప్రతి షిఫ్టుకూ సర్టిఫికెట్ ఉన్న మనిషి పేరు బోర్డు మీద రాయమని భద్రతా కమిటీలో అడగండి. పేరు రాయవలసి వచ్చేసరికి మనిషిని పెట్టవలసి వస్తుంది.

నాలుగు. పరీక్ష రాయదలచుకున్నవాళ్ళు సంఘం ఆఫీసులో పేరు ఇవ్వండి. ఆదివారం సాయంత్రం చదువు వచ్చిన పిల్లలు కూర్చుని ఫారాలు నింపిపెడతారు. తమిళంలో ఉన్న ప్రశ్నలను తెలుగులో విడమరచి చెబుతారు. తమిళ సోదరులూ రండి, మీకు తెలిసింది మాకు, మాకు తెలిసింది మీకు. అక్షరం నేర్చుకోవడానికి వయసు అడ్డం కాదు.

అయిదు. ప్రమాదం జరిగితే ఆ రోజు ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. ముందు ఆసుపత్రి, తరువాత ఇ.ఎస్.ఐ. ప్రమాద రిపోర్టు, ఆ తరువాతే మాటలు. "లైసెన్సు లేదు" అన్న మాట ఎవరన్నా మీరు తల దించుకోవద్దు. లైసెన్సు లేదని తెలిసీ మమ్మల్ని అక్కడ ఎవరు నిలబెట్టారని అడగండి.

సోదరులారా, బ్లో రూములో పడిన దూది నూలై బయటికి వచ్చేదాకా ప్రతి అంగుళం మన చేతి మీదుగానే పోతుంది. అంత పని చేసిన చేతికి తన పని ఇదీ అని చెప్పుకునే కాగితం లేకపోవడం మన తలరాత కాదు, మనం అడగకపోవడం. వచ్చే నెల సభకు వచ్చేటప్పుడు ఒక్కొక్కరు మీ నియామక పత్రం నకలు తెండి. లేనివాళ్ళు, లేదని రాసి సంతకం పెట్టిన తెల్లకాగితం తెండి. ఆ రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి, ఏది ఎత్తుగా ఉందో చూసి, అక్కడి నుండి మన పని మొదలుపెడదాం.